రెండు సంచులు

అమ్మ బజారుకి బయల్దేరితే
రెండు చేతులకీ రెండు సంచులు,
కొనేది అరకిలో బంగాళాదుంపలే అయినా.
రెండోదాన్నిండా పాత పత్రికలు కుక్కేది.
చేతులు ఖాళీ లేనివాళ్లు
చెయ్యెత్తి జేకొట్టక్కర్లేదని
అప్పట్లో నాకు తెలీదు.

కాసెల్‌లో మా వీధి పెద్దగా మారలేదు.
అదే రొట్టెల కొట్టు, అదే ట్రాము గంట.
గుండీలమ్మే రోజెన్‌స్టీల్ గారి బోర్డు మీద
కొత్త పేరు, రంగు ఇంకా ఆరలేదు.
ఆయన ఎక్కడికెళ్లారని ఎవరూ అడగలేదు.
గుండీలు చవకయ్యాయి.
మేమూ కొన్నాం.

టెలిఫోను మీద దిండు.
నోరు విప్పేముందు నాన్న వెనక్కి చూసేవాడు,
సొంత వంటింట్లో కూడా.
నెలకో ఆదివారం ఊరంతా ఒకే కుండ కూర తినాలి;
ఆ మిగులు డబ్బుకి చందా డబ్బా మోసుకొచ్చి
పనిలో పనిగా మా కుండ మూతెత్తి
వాసన చూసి పోయేవాడు, వీధి కావలి ఎల్‌బ్రెష్ట్.

గోడలకు చెవులుంటాయంటారు.
మా ఇంటి గోడలు మంచివే.
పదకొండేళ్లు, కొత్త యూనిఫాం, తోలు బెల్టు:
ఆ చెవులు నావి.
నేను గదిలోకొస్తే
మాట వానలమీదికి మళ్లేది.

ఒకనాడు మెట్ల మీద సంచి పిడి తెగింది.
పత్రికలన్నీ దొర్లాయి.
కింద ఎల్‌బ్రెష్ట్, చెయ్యి చాచి, ఎదురుచూస్తూ.
అమ్మ కుడిచెయ్యి లేచింది
తడిబట్ట దండెం మీదికి విసిరినట్టు.
నేను చూశాను.
నేను చూడటం అమ్మ చూసింది.

ఆ రాత్రి సూదిలోకి దారం ఎక్కిస్తూ
తలెత్తకుండానే అడిగింది:
"రేపు మీ దళంలో ఏం చెప్తావు?"

ఈసారి పిడి
గట్టిగా కుట్టమన్నాను.