పన్నెండు చుక్కలు

లా సెరెనాలో గురువారం సాయంత్రాలు
సముద్రం మీంచి మంచు మేట వేసుకుంటూ వస్తుంది.
ఆకాశం కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళం
రెండో అంతస్తు గదిలో ట్యూబులైటు కింద కూర్చుంటాం.
ఒక కెటిల్, కాస్త రొట్టె, ఒక అవకాడో,
దాన్ని కోయడానికి ఎవరిదో స్కేలు.

యెసీకా చల్యాపాది నా పక్క కుర్చీ.
కొల్చానే నుంచి వచ్చింది. అక్కడ గాలి పలచన.
ఇక్కడ నాకు ఊపిరి ఎక్కువైపోతోంది, అంటుంది.
వాళ్ళ అమ్మమ్మ లామాల్ని ఐమరాలో లెక్కపెడుతుందట.
ఒకటి తగ్గితే లెక్క ఆపి
కొండ వైపు తిరిగి పేరుతో పిలుస్తుందట.

మా పని అడ్డొచ్చే నక్షత్రాల్ని తీసేయడం.
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాదు,
రాళ్ళలో బియ్యం ఏరినట్టు.
ఏరగా ఏరగా తెర మీద
పన్నెండు చుక్కలు మిగిలాయి.

"పన్నెండింటిని పట్టుకుని గెలాక్సీ అంటారా?"
మీటింగులో ప్రొఫెసర్ కూడా అదే అడిగాడట, నవ్వుతూ.
ఆ నవ్వు ఇంకా ఆమె భుజాల మీదే ఉంది.

కాసేపటికి, కెటిల్ వైపు చూస్తూ చెప్పింది:
మెకానిక్స్‌లో మూడు పాయింట్ తొమ్మిది.
నాలుగు వస్తే గట్టెక్కినట్టు.
ఇంటికి ఫోన్ చేయలేదు.
బస్సు టికెట్ ధర మాత్రం చూసింది.

నా దగ్గర ధైర్యవచనాలేం లేవు.
ఆ పేపరు నాకూ రెండేళ్ళు చుక్కలు చూపించింది.
మొదటిసారి మూడు పాయింట్ ఒకటి.
మకరేనాకి తప్ప ఎవరికీ చెప్పలేదు.
ఈ కుర్చీ అప్పుడు ఆమెది.
ఏమీ అనకుండా తన పాత నోట్సు నా వైపు జరిపింది.
ఒక పేజీలో టీ మరక, దాని పక్కన
"ఇక్కడ ఏడ్చాను" అని పెన్సిల్ రాత.

మసక వస్తువును సూటిగా చూడకూడదు.
కన్ను కొంచెం పక్కకి తిప్పాలి.
ఓరచూపుకి దొరికింది
తేరిపార చూస్తే మాయమవుతుంది.
అందుకని నేను యెసీకాని చూడలేదు.
రొట్టె తుంచాను. తెర మీది చుక్కల్ని చూశాను.
ముక్కు చీదుకునేంత సేపు చూశాను.

తర్వాత వేగాలు తీశాం.
పన్నెండూ కలిసే కదులుతున్నాయా?
తొమ్మిది కదులుతున్నాయి. రెండు ఎటో పోతున్నాయి.
ఒకటి అసలు నక్షత్రమే కాదు.
ఆ తొమ్మిదినీ కలిపి ఉంచేంత బరువు
ఆ తొమ్మిదిలో లేదు.
కనపడనిదేదో మూటకట్టి ఉంచింది.
ఇక్కడ నేనొక పోలిక చెప్పబోయి
నాలుక కరుచుకున్నాను.
ఆమెకి కావలసింది పోలిక కాదు, ఎర్రర్ బార్.

అవి వేసేసరికి రాత్రి పదయింది.
మనసు విరిగేంత పొడవున్నాయి.
గెలాక్సీ కావచ్చు, కాకపోనూ వచ్చు.
ఇంకో నాలుగు గంటల టెలిస్కోపు కావాలి,
అది వసంతం దాకా దొరకదు.
"కాదని తేలితే?"
"కాదని రాద్దాం. అదీ లెక్కే."
ఆమె ఫైలుకి పేరు పెట్టి దాచింది.
ఏం పేరో నాకు అర్థం కాలేదు. ఐమరా.

తర్వాతి గురువారం మంచు ముందే దిగింది.
యెసీకా ఆలస్యంగా వచ్చింది.
వెనకాలే ఎవరో కుర్రాడు,
చిలోయే దీవి నుంచట, మొదటి సంవత్సరం,
గుమ్మంలోనే నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు.
ఆమె అతని వంక చూడకుండానే
కెటిల్‌లో ఇంకో కప్పు నీళ్ళు పోసింది.