ఒక లాకు తక్కువ

ముప్పై ఒకటో వారం.
లోపల నా కూతురి గుండె
ఉండాల్సినదానికన్నా పెద్దదిగా ఉంది.
గుండె పెద్దదైతే మంచిదేగా, అంది మా అత్త టీ పోస్తూ.
కాదు.

గ్రోనింగెన్‌లో డాక్టర్ ఆల్కెమా
పార్కింగ్ రసీదు వెనక్కి తిప్పి గీసి చూపించింది:
మాయ, బొడ్డుతాడు, తాడులోంచి వచ్చే సిర,
కాలేయం దగ్గర దారం ముక్కంత సన్నటి కాలువ.
పుట్టబోయే బిడ్డలందరికీ ఉంటుందట.
వచ్చే నెత్తురుని నొక్కిపట్టి
గుండెకి ఓర్చుకోగలిగినంతే వదులుతుందట.
మీ పాపకి అది ఏర్పడలేదు.
సిర తిన్నగా పోయి గుండెలో పడుతోంది.

దానికో లాటిన్ పేరు చెప్పింది.
కారు దగ్గరికి వచ్చేలోపే మరిచిపోయాను.
పేరెందుకు నాకు?
ఇరవై రెండేళ్ళుగా లాకుల మీద బతుకుతున్నవాణ్ణి.
సరస్సుది ఒక మట్టం, కాలువది ఒక మట్టం,
మధ్యలో రెండు తలుపులు, నేను.
లాకు లేని కాలువ ఏం చేస్తుందో
నాకెవరూ బొమ్మ గీయక్కర్లేదు.

బౌక్యె మాత్రం సీటు బెల్టు
పొట్ట కిందికి సర్దుకుంటూ అడిగింది,
"నేను తిన్నదేమైనా..."
లేదన్నాను. అద్దం మీద వైపరు ఒకసారి అటూ ఇటూ పోయింది.
"అక్టోబరులో ఆ నిచ్చెన ఎక్కి..."
లేదన్నాను.
తవ్వినవాడు మరిచిపోతే
గట్టు తప్పేముంది?

ప్రతి మంగళవారం కొలుస్తారు.
తెర మీద ఎరుపు వస్తుంది, నీలం పోతుంది.
గుండె చుట్టూ నీరు చేరిందేమోనని
ఆ అమ్మాయి వెతుకుతున్నంతసేపూ
నేను తెర చూడను, ఆమె మొహం చూస్తాను,
గీతలు గీసిన మట్టం కర్రని చూసినట్టు.
వేలెడు పెరిగినా తెలిసిపోతుంది.

మొన్న హోరుగాలి రాత్రి ఫోపె పడవ వచ్చింది,
నిండా బీట్‌దుంపలు.
హారను మీద హారను.
తలుపు బెత్తెడు తీసి ఆపాను.
ఈ నీళ్ళు ఆ నీళ్ళ ఎత్తుకి వచ్చేదాకా
అలాగే పట్టుకు నిలబడ్డాను.
"నిద్రపోయావా ఏంటి!" అని అరిచాడు.
పలకలేదు.
ఎవరో ఒకరు మెల్లగా వదలాలి కదా,
ఎక్కడో ఒకచోట.

డాక్టరు ఇంకో మాట కూడా అంది,
గుమ్మం దగ్గర, చెప్పాలా వద్దా అన్నట్టు.
పుట్టిన వారం పది రోజులకల్లా
ఆ కాలువ అందరిలోనూ మూసుకుపోతుందట.
నాలో, ఫోపెలో, మా అత్తలో
అదిప్పుడు ఒట్టి పీచు.
అంటే నా పిల్లకి లేనిది
ఈ వీధిలో నడిచే ఎవరికీ లేదు.
తను వాళ్ళలో కలిసేదాకా దాటించాలి, అంతే.
ఆ "అంతే" అనే మాట
చీకట్లో ఎంత పొడుగ్గా ఉంటుందో.

ఇంకా ఆరు మంగళవారాలు.
నిన్నటి కొలత పోయినవారంలాగే వచ్చింది.
మంచిదేనా అని అడిగాను.
జెల్ తుడుస్తూ ఆ అమ్మాయి,
"పెరగలేదు" అంది.

మా లాకుల పుస్తకంలో అలాంటి రోజుకి
ఏమీ రాయం.
తేదీ పక్కన చిన్న అడ్డగీత గీసి
దీపం ఆర్పేసి ఇంటికొస్తాం.