పదిహేడో గడి

"పుట్టగొడుగుల్లా" అని తేలిగ్గా అనేస్తారు
ఎన్నడూ వాటిని లెక్కపెట్టనివాళ్ళు.
ఆగస్టు మూడో వారం, సున్నా.
నాలుగో వారం, సున్నా.
సెప్టెంబరులో ఒక సోమవారం
పురుగు తిన్నది ఒకటి, పదకొండు గ్రాములు.

సోరియా పైన్ అడవిలో నావి ఇరవైనాలుగు గడులు,
ఒక్కోటి ఐదు మీటర్ల వెడల్పు, ఇరవై పొడవు,
మూలమూలకీ నీలంరంగు కొయ్యమేకు.
వారానికోసారి నడుం వంచి
సూదులాకుల దుప్పటి చేత్తో తడిమి
దొరికిందల్లా కోసి, తూచి, రాయడం నా పని.
ఆ పిడికెడు కొలతని అడవంతా పరిచి
ఈ ఏడు ఇన్ని టన్నులు అని చెప్పడం ఆఫీసు పని.

అక్టోబరు వానలకి పదిహేడో గడి నిద్రలేచింది.
నేను వెళ్ళేసరికి నిస్కలోలు లేవు.
మొదళ్ళున్నాయి, ముప్పై ఒకటి,
కత్తి నున్నగా తెగిన చోట
నారింజరంగు పాలు ఇంకా తడి.
మొదలు మందాన్ని బట్టి గొడుగు బరువు కట్టే సూత్రం ఒకటుంది.
దాన్ని నమ్మగలిగినంత నమ్మి
మేకుకి ఒక కాగితం గుచ్చి వచ్చాను:
"ఎవరైనా సరే, దయచేసి.
ఇది కొలతల చోటు. పక్కనంతా అడవే కదా."

మరుసటి సోమవారం ఆ కాగితం వెనక
పెన్సిల్ అక్షరాలు, బడిపిల్ల రాతలా గుండ్రంగా:
"ఈ చోటు నాకు మా అత్తగారు చూపించింది,
నీ మేకులకి నలభయ్యేళ్ళ ముందు.
మంగళవారం కిలో రెండొందలు. శుక్రవారం ఎనిమిదొందల యాభై.
బొత్తాలంతవి వదిలేశాను. రాసుకో.
కసిల్దా."

రాసుకున్నాను.
"ఇతరులు కోసినవి" అని ఫారంలో వరస లేదు.
అంచున ఖాళీ చూసి ఎర్ర ఇంకుతో గీశాను.
మా అధికారి ఎలాద్యో కళ్ళజోడు పైకి నెట్టి
"ముసలమ్మ వంటింటి తక్కెడ, కాకిలెక్కలు" అన్నాడు.
కిందటేడు ఆయన చెప్పిన టన్నులు
ఏ కాకి తూచిందో నేనడగలేదు.

ఆ మేకే మాకు పోస్టుడబ్బా అయింది.
"తొమ్మిదొందల పది. ఒకదాన్ని నత్త కొరికింది, దాన్నీ తూచాను."
"ఉత్తరపు గాలి. రెండొందలే.
నీ మోకాళ్ళ గుంటలు చూశాను పిల్లా, గోనెపట్టా పరుచుకో."
"పన్నెండో తారీఖుకి మళ్ళీ వస్తాయంటోంది నా ముక్కు.
నీ సూత్రం ఏమంటోంది?"
నా సూత్రం ఇరవై అంది.
పదమూడున వచ్చాయి.
ఒక్కరోజు తప్పినందుకు
ఆవిడ క్షమాపణ రాసింది.

ఆవిడని నేను ఎదురుగా చూసింది లేదు.
ఒకసారి పొగమంచులో బెత్తపు బుట్ట, వంగిన వీపు.
పిలవబోయి ఆగాను,
కొలిచే చోట దేన్నీ అదిలించకూడదని
మాకు నేర్పిస్తారు.

ఆఖరి వారం మంచు పడింది. గడంతా తెలుపు.
మేకు మీద కాగితం సగం తడిసి:
"ఈ వారం నేనేం కోయలేదు.
లావుపాటి వేరు పక్కన, ఆకుల కింద రెండున్నాయి.
నీ లెక్కకని ఉంచాను."

వేళ్ళు కొంకర్లు పోతుంటే తవ్వాను.
ఉన్నాయి.
ఒకటి ఎనభై గ్రాములు. ఒకటి అరవైరెండు.
రూలు ప్రకారం రెండూ కొలిమిలో ఆరబెట్టి
ఎండు బరువు రాయాలి.
ఒకదాన్నే సంచిలో వేశాను.
రెండోది ఆ రాత్రి నా గదిలో
ఆలివ్ నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు.
గిన్నె కడిగాక ఫారం తీసి
అంచున ఎర్ర ఇంకుతో నింపాను:
ఇతరులు కోసినవి, అరవైరెండు.