ఓత్వం

తార్నూఫ్‌లో షూటింగ్. మార్చి నెల.
మంచు కురవలేదని కాగితం మంచు తెప్పించారు.
నాకొక మడత కుర్చీ, ప్లాస్టిక్ గ్లాసులో టీ,
మెడలో కార్డు: సలహాదారు.
ఎనభై ఆరేళ్లకి దొరికిన కొత్త ఉద్యోగం.

పిల్ల పేరు కింగా. తొమ్మిదేళ్లు. ముందుపళ్ల మధ్య సందు.
సినిమాలో అది నేను కాదు గాని, నాలాంటిది.
జర్మన్ సిపాయి ఎదుట శిలువ గుర్తు వేసుకోవాలి.
నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం.
ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్న పని,
ఈగను తోలుకున్నట్టు తేల్చేసింది.

బాగుంది, అన్నాడు డైరెక్టరు.
బాగుంది కాబట్టే తప్పు, అన్నాను.

చూడు తల్లీ,
అందులో పుట్టినవాళ్లకు ఆ అజాగ్రత్త హక్కు.
మాకు లేదు.
మా నాన్న బొగ్గుల గదిలో నిలబెట్టి
మూడు రాత్రులు నేర్పాడు,
తానెన్నడూ చేయని పనిని నా చెయ్యి పట్టుకుని,
ఓనమాలు దిద్దించినట్టు.
ఆయన చెయ్యి వణికింది.
నా గుర్తులో ఇప్పటికీ ఆ వణుకుంది.

అర్ధరాత్రి లేపి పేరడిగేవాడు.
రైజ్లా, అన్నానంటే చెంప ఛెళ్లుమనేది.
బోగుమిలా, అంటే ఏడ్చేవాడు.
ఏది ఒప్పో చాలా కాలం నాకు తెలియలేదు.

అన్నిటికంటే కష్టం అమ్మ.
ఇంట్లో మామె. వీధిలో మామో.
చివర ఒక్క అచ్చు.
ఎత్వానికి ప్రాణం పోతుంది, ఓత్వానికి నిలుస్తుంది.
కాలిమీద వేడినీళ్లు పడినా
తలుపు సందున వేలు నలిగినా
నోట్లోంచి ఓత్వమే ఊడిపడాలి.
తర్వాత పిలవడానికి ఆమె లేదు,
అయినా సాధన మానలేదు.

సన్యాసినుల మఠంలో
మూడేళ్లు బంగాళాదుంపల తొక్క తీశాను.
ఒకసారి కత్తి జారింది.
ఏ భాషలో అరుస్తానో నాకే నమ్మకం లేక
బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను.
ఇదిగో మచ్చ. మేకప్ అమ్మాయి ఫోటో తీసుకుంది.

కింగా మళ్లీ చేసింది.
ఈసారి మెల్లగా, ఒక్కోచోటా వేలు ఆనించి,
నిండు దీపాన్ని గాలిలో మోస్తున్నట్టు.
సిపాయి వేషం కట్టిన కుర్రాడు
దగ్గుబిళ్ల చప్పరిస్తున్నవాడు
ఒక్క క్షణం దవడ ఆపాడు.
కట్, అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

భోజనాల వేళ నా పక్కన చేరి
నీ అసలు పేరేంటి బామ్మా, అంది, నోటినిండా రొట్టెతో.
కార్డు మీద చూసుకోమన్నాను.
బో-గు-మి-లా, కూడబలుక్కుని చదివింది.
పెన్షన్ కాగితాల మీదా అదే.
మా ఆయన సమాధి రాతి మీద
నాకోసం ముందే చెక్కించిందీ అదే.
తారీఖు ఒక్కటే ఖాళీ.

అంతలో గేటు దగ్గర ఎవరో కనిపించారు దానికి.
మామో!
కాగితం మంచు చిందరవందర చేస్తూ పరుగు.
నోరంతా తెరిచిన ఓత్వం,
వీధి చివరిదాకా సాగే ఓత్వం,
వెనక ఎవరూ లేని ఓత్వం.

చల్లారిన టీ పక్కన
నేను చూసుకునేసరికి
నా బొటనవేలు పళ్ల మధ్య ఉంది.