ఏ రోజుకి తిప్పమంటావు?

మార్చి చివర. మంచు ఇంకా గడప పక్కనే
అలిగిన కుక్కలా ముడుచుకుని ఉంది.
వెర్నర్ టోలొనెన్ వచ్చాడు, చంకలో రొట్టెల సంచీ.
తీసి బల్లమీద పెట్టాడు.
రొట్టెలాగే ఉబ్బి, నడుమ కుంగిన
క్యాచర్ గ్లోవ్. వాళ్ళ తాత ఐమోది.
"కొత్తదానిలా చెయ్యగలవా, లెంపీ?"

నేను గుర్రాల జీన్లు కుడతాను, బూట్లకి అట్టలు వేస్తాను.
సుపీరియర్ సరస్సు ఒడ్డున ఈ రాగిగనుల ఊళ్ళో
నలభై ఏళ్ళుగా తోలు చెప్పింది వింటున్నాను.
ఆ ప్రశ్నకి మాత్రం చప్పున నోరు పెగల్లేదు.

ముందు ముక్కుతో చూశాను.
కిరసనాయిలు, ఎలుక ఉచ్చ, ఎండిన చెమట,
అడుగున ఇంకేదో, పచ్చిగా.
వెర్నర్ నవ్వాడు:
"అరచెయ్యి వాచకుండా తాత లోపల
గొడ్డుమాంసం ముక్క పెట్టుకునేవాడట.
ఆటయ్యాక అవ్వ దాన్నే వండేదట."
నిజమో కోతో. మచ్చ మాత్రం ఉంది,
పొయ్యిమీద పొంగిన పులుసు మరకలా.

లెక్క చెప్పాను.
ఎలుక కొరికిన మడమకి అతుకు వెయ్యొచ్చు.
లోపల ఉండకట్టిన గుర్రపు వెంట్రుకలు లాగేసి
కొత్తవి కూరొచ్చు. నలుపు దింపి
తేనెరంగు తెప్పించొచ్చు.
చెరిగిపోయిన కంపెనీ ముద్ర మాత్రం మళ్ళీ కొట్టను.
అది దొంగసంతకం.

"డులూత్‌లో ఒకాయన అడుగుతున్నాడు," అన్నాడు.
"శుభ్రంగా ఉంటే రెండింతలిస్తాడట.
మా పైకప్పు మూడు చోట్ల కారుతోంది."
నాకు తెలుసు. వాళ్ళింట్లో బకెట్ల చప్పుడు
నా కిటికీలోకి వినిపిస్తుంది.

అప్పుడు కనబడింది ఆ అల్లిక,
బొటనవేలికీ అరచేతికీ మధ్య.
తోలు వారు కాదది. గోటితో గీరితే తారు.
గనిలో రాయి పేల్చే వత్తి!
లోపలి మందు దులిపేసి
నూలుని మెలిపెట్టి బిగించాడు ఐమో.
షిఫ్టు దిగడానికీ మైదానం ఎక్కడానికీ మధ్య
చేతికి దొరికింది అదే కాబోలు.
డులూత్ ఆయన మొదట పీకెయ్యమనేదీ అదే.
అసలుది కాదు కదా.

అసలంటే ఏ రోజు వెర్నర్?
అట్టపెట్టెలోంచి తీసిన రోజా?
ఆ రోజు ఇందులో ఎవరి చెయ్యీ లేదు.
ఈ గుంట చూడు, నడిమధ్యన లేదు,
చూపుడువేలి మొదట్లోకి ఒరిగింది.
మీ తాత చెప్పేవాడన్నావే, ఉర్హో అని,
ఎడమచేతి వాటం పిచర్, చివరి క్షణంలో
బంతి పక్కకి జారిపోయేదని.
ఉర్హోకి ఫొటో కూడా లేదన్నావు.
ఇదిగో, ఇక్కడున్నాడు. లోతు అర అంగుళం.
కొత్త వెంట్రుకలు కూరానా, పోతాడు.

అలాగని ముట్టుకోకుండా ఉంచడం పుణ్యమేం కాదు.
బల్లమీద అప్పుడే ఎర్రటి పొడి రాలింది.
మా అమ్మ పెళ్ళిబూట్లు అలాగే దాచాను,
నూనెచుక్క వెయ్యడానిక్కూడా చెయ్యిరాక.
ఒక శీతాకాలం పెట్టె తెరిస్తే
మేకులు మిగిలాయి.

వెర్నర్ చెయ్యి దూర్చాడు.
స్కూలు బస్సు నడిపే చెయ్యి, చిన్నది.
లోపల వేళ్ళు ఏవో పాత గాళ్ళలో పడినట్టున్నాయి,
మాట ఆగిపోయింది. రెండో పిడికిలితో
గుంటలో ఒక్కసారి కొట్టాడు.
దుకాణమంతా ఆ చప్పుడు.

"ఎలుక కొరికిన చోటు కుట్టు," అన్నాడు చివరికి.
"కుట్టు కనబడాలా, వద్దా?"
"రేపు చెప్తా."

ఏప్రిల్ మూడోవారం. గడప పక్క కుక్క కరిగి పారిపోయింది.
అతని రేపు ఇంకా రాలేదు, బకెట్లు మోగుతూనే ఉన్నాయి.
గ్లోవ్ నా అలమరలో ఉంది,
పొడి రాలకుండా వేలికొసంత నూనె రాశాను, అంతే.
వత్తిలో మందు లేదని తెలుసు.
అయినా పొయ్యికి దూరంగానే పెట్టాను.