సంత్రరంగు గొట్టం

మా గడప పక్కన
మట్టిలకెల్లి మూరెడు పైకొచ్చి
నోరు తెరుచుకొని నిలబడ్డది
సంత్రరంగు గొట్టం.
ఈ వానకాలం దాటితే దానికి మూడేండ్లు.

అంతకుముందు నీళ్ళ పైపుకని తవ్విండ్రు.
పూడ్చిన మట్టి ఇంకా కూసోకముందే
ఇంటింటికి ఇంటర్నెట్టని మళ్ళ తవ్విండ్రు.
జేసీబీ పండ్లకు తగిలి పైపు పగిలితే
వాడంత నీళ్ళు పారినయి.
"మంచిదే తియ్, సాక పోసినట్టాయె"
అన్నది మా అత్త కొంరమ్మ.
ఆమె నమ్మకానికి
పదకొండు దినాలు బిందెలు మోసింది నేను.

పరకాల నుంచి వచ్చిన సూపర్‌వైజర్ పిలగాడు,
మీసం ఇంకా సరిగ్గ మొలవలే,
గొట్టంల ఏం వస్తదో చెప్పిండు:
వెంట్రుకంత సన్నటి అద్దం దారమట,
అందులకెల్లి వెలుగు ఉరుకుతదట.
దారమంటే నాకు ఎరుకే గద,
ఇరవై రెండేండ్ల సంది మిషిను తొక్కుతున్న.
అద్దం దారానికి ముడి ఎట్లేస్తరని అడిగిన.
వేడి పెట్టి అతికిస్తం అక్కా, అన్నడు.
ఆ మాట నాకు నచ్చింది.
గొట్టం పక్కన నన్ను నిలబెట్టి
కొద్దిగ నవ్వమన్నడు, ఫోటో తీసుకున్నడు,
పోయిండు.

ఆ నవ్వు ఎక్కడ పెట్టిండో గని
కాగితాలల్ల మా ఇల్లు
కనెక్షన్ ఉన్న ఇల్లు.

బొడ్రాయి కాడ సిమెంటు గుంతల
నల్లటి తీగ చుట్టలు చుట్టుకొని పండుకున్నది.
దాని మీద కప్పలు కాపురం పెట్టినయి.
అక్కడికెల్లి మా ఇంటికి ఇరవై నాలుగు టేపులు.
నా కుట్టు టేపు, అరవై అంగుళాలది,
వంగి వంగి నేనే కొలిసిన.

మొన్న హన్మకొండ పెండ్లోళ్ళు
జాకెట్ మెడ డిజైన్ ఫోన్ల పంపిండ్రు.
బొమ్మ మీద గుండ్రం తిరిగింది, తిరిగింది,
గానుగెద్దు సుత అంతసేపు తిరగది.
వాళ్ళకు రేపటికే కావాలె.
సగం తెరిచిన బొమ్మ చూసి కత్తెర పెట్టిన.
వాళ్ళడిగింది కుండ మెడ,
నేను కోసింది పడవ మెడ.
పట్టుగుడ్డ, పద్దెనిమిది వందలు.

ఫోన్ చేస్తె ఒక ఆడపిల్ల గొంతు
మీ కాల్ మాకు ఎంతో విలువైనది అంటది.
ఎంత విలువనో రూపాయలల్ల చెప్పమంటే
పాట పెడుతది.
ఫిర్యాదుకు నంబరిచ్చిండ్రు, పదమూడంకెలు,
మార్కింగ్ సుద్దతోటి బల్ల మీద రాసుకున్న.
నాలుగోనాడు మెసేజ్:
"మీ సమస్య పరిష్కరించబడినది."
అది అందుకోవడానికి
నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలె నేను.
తొమ్మిదో మెట్టు దాటితేనే సిగ్నల్.
నాకంటే ముందే యాకూబ్బీ, కొడుకు ఫీజు ఓటీపీ కోసం;
ఆమె మీద మెట్టుకు ఓదేలు,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర కోసం.
దిగేటోళ్ళు ఎక్కేటోళ్ళకు ధర చెప్పి దిగుతరు.
మా ఊరి నెట్టు
పదహారు మెట్లు.

ఎండకాలం సెలవులల్ల
మా చిన్నది కనిపెట్టింది,
మా గొట్టం, ఓదేలు ఇంటి గొట్టం ఒక్కటేనని.
లోపల తీగ లేదు గనుక గొంతు పోతది.
ఆ కొస నుంచి వాళ్ళ పోరడు
"మీ ఇంట్ల ఏం కూర?" అంటడు.
ఇది మోకాళ్ళ మీద వంగి
"పచ్చిపులుసు!" అని అరుస్తది.
ఇన్ని పైసలు మట్టిల పాతిపెట్టినంక
గొట్టంల పోయిన మొదటి కబురు
పచ్చిపులుసు.

మిరుగం రాంగనే తేళ్ళు దూరుతయని
ఏటా దాని మూతికి
లైనింగు ముక్కతోటి టోపీ కుడుత.
ఈసారి ఆ పట్టుగుడ్డనే వాడిన.
పడవ మెడ పక్కన మిగిలిన జరీ అంచు,
లోపల రబ్బరు, చుట్టూ పీకో సుత కొట్టిన.
తొవ్వల పోయేటోళ్ళు చూసి నవ్వుతున్నరు,
గొట్టానికి పెండ్లా అని.

అద్దం దారం తెచ్చేటోడు వస్తే
టోపీ చింపకుండ విప్పి
నా చేతికిచ్చి పని చేసుకోమనుండ్రి.
మళ్ళొచ్చే వానకాలానికి పనికొస్తది.