డాలులో ములికి

పందికి గురిపెట్టడం నేర్పేముందు
ఓరెస్తె మామయ్య నా చేత జింకని మరిచిపోయేలా చేశాడు.
"జింక గుండె ఉండేచోట కొడితే దీనికి కడుపులో తగుల్తుంది.
వారం రోజులు చెరకులో పడి కుళ్ళుతుంది, నీ పాపం.
దీని గుండె కిందికి, బాగా ముందుకి.
ముందుకాలు మడతలో, మోచేతి పక్కన,
చిల్లర అడుగున జారిపోయిన జేబులాగా."

ప్లాస్టిక్ సీసాలో మైదా పోసి నొక్కేవాడు.
తెల్లటి పొగ ఎటు వాలితే అటు మా వాసన.
"కంటికి కనబడ్డా బతుకుతావు. ముక్కుకి దొరికావా, ఇంటికి పద."

నాది యాభై అయిదు పౌన్ల విల్లు.
బాణాలు బరువైనవి. తేలిక బాణం
దాని జబ్బ దగ్గర వట్టి మర్యాద పలకరింపు.
విచ్చుకునే రెక్కలున్న ములుకులు మామయ్యకి పడవు.
కదలని అంచు కావాలి,
ముంజేతి వెంట్రుక రాలేదాకా నూరాలి.
తనవాటి మెడల మీద ఆకురాయితో రెండేసి గాట్లు పెట్టేవాడు.

ఈ జులైలో ఆయన చెయ్యి వణుకుతోంది.
ట్రక్కులోనే కూర్చున్నాడు, అద్దాలు దించి.
హెర్బర్ట్ నది వైపు, చెరకు రైలు పట్టాల అవతల
ఏకలం బయటికొచ్చింది, ఒళ్ళంతా ఎండిన బురద.

ఎదురుగా నిలబడింది. కాదు.
అడ్డంగా తిరిగింది. కాదు,
జబ్బ మీద డాలు ఉంది దానికి,
పుట్టుకతో వచ్చింది కాదు, పోట్లాడి పెంచుకున్నది.
అల్లెతాడు చెంపకి ఆనించి
దోమ కనురెప్ప మీద వాలినా ఊరుకున్నాను.

అవతలికి ఓరగా తిరిగి వేరు తవ్వింది.
ఇవతలి కాలు ఒక్క అడుగు ముందుకేసింది.
పద్దెనిమిది అడుగులు.
వదిలానో, అదే వెళ్ళిందో.

అరగంట ఆగాలి. ఆగాను.
నేల మీద నెత్తురు నాలుగు చుక్కలే,
కొవ్వు గాయాన్ని మూసేస్తుంది.
నలభై అడుగుల్లో పడి ఉంది, ముక్కు మట్టిలో పెట్టి.

రేకుల షెడ్డు కింద చర్మం తీస్తుంటే
కత్తికి టంగున ఏదో తగిలింది.
బొటనవేలంత మందం డాలులో, దాని చుట్టూ మాంసం పూడుకుపోయి,
తుప్పుపట్టిన ములికి.
మెడ మీద రెండు గాట్లు.

మూడేళ్ళుగా ప్రతి ఈస్టర్ భోజనానికీ విన్నాం,
మడ అడవిలో చచ్చిన ఏకలం కథ,
దాన్ని మొసలి లాక్కెళ్ళిన సంగతి.
మొసలి ఏటా ఒక అడుగు పెరిగేది.

"ఏంటది?" అన్నాడు వెనకనుంచి.
ఎముక, అందామనుకున్నాను.
అరచెయ్యి చాపే ఉంది.

చాలాసేపు తిప్పి చూశాడు.
"జానెడు పైకి కొట్టాను.
గాలి బాగానే ఉంది ఆ రోజు."
ప్యాంటుకి తుడిచాడు, తుప్పు పోలేదు.
"నువ్వెంతసేపు ఆగావు?"
"కాలు ముందుకేసేదాకా."

బాగుందని అనలేదు.
ములికిని చొక్కా జేబులో వేసుకుని
కాలేయం కుక్కలకి వెయ్యొద్దన్నాడు,
పురుగులుంటాయి, కాల్చెయ్యమన్నాడు.